వీధి బొమ్మ వేయడం ఎలా: మనుషులు అతికించినట్టు కనబడకుండా

"ఇళ్లు బాగానే వస్తున్నాయి. రోడ్డు కూడా పర్వాలేదు. మనుషుల్ని పెట్టగానే బొమ్మంతా పాడైపోతోంది. ఎందుకు?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మాటలు మారతాయంతే. ఒకరు మనుషులు గాల్లో తేలుతున్నారంటారు, ఇంకొకరు స్టిక్కర్లలా ఉన్నారంటారు. కొందరైతే విసుగొచ్చి మనుషుల్నే మానేసి ఖాళీ వీధులు వేసుకుంటున్నారు.

మనిషి బొమ్మ గీయడం రాకపోవడం దీనికి కారణం కాదు. వీధి దృశ్యంలో మనిషి ఉండేదే గోరంత. ఆ మాత్రం మనిషిని ఎవరైనా వేయగలరు. తప్పు రెండు చోట్ల జరుగుతోంది. తలలు ఏ ఎత్తున రావాలో ముందే తేల్చుకోవడం లేదు. ఇళ్లన్నీ పూర్తయ్యాక, చివర్లో మనుషుల్ని తెచ్చి నిలబెడుతున్నారు. ఈ రెండూ సరైతే మిగతాది సగం దానంతటదే సర్దుకుంటుంది. కింది పద్ధతి వాటర్ కలర్‌కు రాశాను. అక్రిలిక్, ఆయిల్ వాడేవాళ్లకు ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడ చెబుతాను.

కావలసినవి

300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) వాటర్ కలర్ పేపర్, కొంచెం గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్‌డ్ రకం. సైజు 28 × 38 సెం.మీ. చాలు, అంటే పూర్తి షీటులో పావు వంతు. ఇంతకన్నా పెద్దదైతే బయట కూర్చుని ఒక పూటలో ముగించలేరు. పలచటి పేపర్ వద్దు, తడి తగలగానే ఉబ్బుతుంది.

గట్టి బోర్డు, మాస్కింగ్ టేప్. 2బి పెన్సిల్, మెత్తటి పుట్టీ రబ్బరు. రెండు నీళ్ల డబ్బాలు, పాత బట్ట.

బ్రష్‌లు మూడు: 12 నంబరు రౌండ్, 6 నంబరు రౌండ్, సన్నటి గీతలకు రిగ్గర్. రిగ్గర్ లేకపోతే బాగా మొనదేలిన చిన్న రౌండ్ సరిపోతుంది.

రంగులు: అల్ట్రామెరైన్, కోబాల్ట్ బ్లూ, యెల్లో ఆకర్, బర్న్‌ట్ సియెన్నా, ఏదో ఒక ఎరుపు. చివరి మెరుపు చుక్కలకు తెల్ల గువాష్ (కింది రంగును కప్పేసే చిక్కటి వాటర్ కలర్) ఒక ట్యూబు. నల్ల రంగు కొనకండి. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే మీకు కావలసిన బూడిదలన్నీ వస్తాయి. నీలం పాలు పెంచితే చల్లటి నీడ, సియెన్నా పెంచితే వెచ్చటి నీడ. రంగులు తక్కువైపోయాయని బెంగ పడొద్దు. ఇంగ్లండులో మిల్లు పట్టణాల వీధుల్ని జీవితమంతా వేసిన ఎల్.ఎస్. లౌరీ వాడినవి ఐదే రంగులు: ఐవరీ బ్లాక్, వెర్మిలియన్, ప్రష్యన్ బ్లూ, యెల్లో ఆకర్, ఫ్లేక్ వైట్. (ఆయన నలుపు వాడాడు కదా అంటారేమో. ఆయిల్‌లో, తెల్లటి నేపథ్యం మీద అది చెల్లింది. వాటర్ కలర్‌లో ట్యూబు నలుపు మసి పూసినట్టు ఉంటుంది.)

1. చిన్న చోటు ఎంచుకోండి

మొదటిసారే నాలుగు రోడ్ల కూడలి, ఇరవై మేడలు, వంద మంది జనం వద్దు. డచ్ చిత్రకారుడు వెర్మీర్ సుమారు 1658లో వేసిన 'చిన్న వీధి' చూడండి. ఒక ఇంటి ముందుభాగం, పక్కన సందు, అంతే. ఆ ఇల్లు కూడా పూర్తిగా ఉండదు, ఒక పక్క కాన్వాస్ అంచుకు తెగిపోతుంది. మనుషులు నలుగురే: గుమ్మంలో కుట్టుపని చేసుకుంటున్న ఒకామె, సందులో ఇంకొకామె, ఇంటి ముందు నేల మీద వంగి ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలు. అయినా ఊరు మొత్తం దాని వెనక ఉన్నట్టే ఉంటుంది.

చోటు చూసుకునేటప్పుడు మూడు విషయాలు గమనించండి. ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ ఉండాలి. నట్టమధ్యాహ్నం వెళితే నీడలు కాళ్ల కిందికి ముడుచుకుపోయి బొమ్మ చప్పగా తయారవుతుంది, కాబట్టి ఉదయం గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఇక మీ వెనక గోడ ఉండాలి. వెనక నుంచి తొంగిచూసేవాళ్లు ఉంటే కొత్తలో టెన్షన్ పెరుగుతుంది, చెయ్యి బిగుసుకుంటుంది. నడిచే దారికి మాత్రం అడ్డంగా కూర్చోకండి.

జాగ్రత్త: కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకండి. తెల్ల కాగితం కళ్లు మిరుమిట్లు గొలిపితే తెలియకుండానే రంగులు ముదురుగా వేస్తారు. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా చీకటి.

బయటకు వెళ్లలేనివాళ్లు: కిటికీలోంచి వేయండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. కంటి జబ్బు వల్ల బయట గాలిలో పనిచేయలేకపోయిన చిత్రకారుడు కామిల్ పిసారో 1897లో ప్యారిస్‌లో హోటల్ గది కిటికీ దగ్గర కూర్చుని మోంమార్త్ర్ బులెవార్డ్ అనే వెడల్పాటి వీధిని 14 సార్లు వేశాడు. ఎండలో, వానలో అదే వీధి.

ఫొటో చూసి వేసేవాళ్లు: ఫోన్‌లో వైడ్ లెన్స్ వాడొద్దు. దగ్గరివి పెద్దవై దూరపువి మరీ కుంచించుకుపోతాయి. కొంచెం వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టి తీయండి. ఫోన్ పైకి ఎత్తి తీస్తే మేడలన్నీ లోపలికి వాలిపోతాయి, అందుకని నిటారుగా పట్టుకోండి. ఫొటోలో నీడలు కన్ను చూసినదానికన్నా నల్లగా పడతాయి, వాటిని అలాగే కాపీ చేయొద్దు. దారిన పోయేవాళ్ల ముఖాలు గుర్తుపట్టేలా వేయకండి. ఈ సైజులో దాని అవసరమూ లేదు.

2. కంటి మట్టం గీత

ఈ వ్యాసంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మీ కళ్ల ఎత్తులో కాగితం మీద అడ్డంగా ఒక సన్నటి గీత గీయండి. దీన్నే హొరైజన్ లైన్ అంటారు. ఎక్కడుందో తెలియకపోతే పెన్సిల్‌ను కళ్లకు సరిగ్గా ఎదురుగా, అడ్డంగా పట్టుకుని, దాని వెనక వీధిలో ఏమొస్తోందో చూడండి. కాగితంలో కింది నుంచి మూడో వంతు దగ్గర పెట్టుకుంటే మేడలకు చోటు మిగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు నిలబడి ఉన్నారు, నేల చదునుగా ఉంది అనుకుందాం. అప్పుడు మీ అంత ఎత్తున్న ప్రతి మనిషి కళ్లూ ఆ గీత మీదే ఉంటాయి. అతను పది అడుగుల దూరంలో ఉన్నా, వీధి చివర ఉన్నా అంతే. దూరం పోయేకొద్దీ మారేది పాదాల చోటు. దగ్గరివాడి పాదాలు కాగితం అడుగుకు దిగుతాయి, దూరపువాడి పాదాలు గీత దగ్గరికి పైకి వస్తాయి. తలలు మాత్రం తోరణం కట్టినట్టు ఒకే వరసలో ఉంటాయి.

చాలామంది చేసేది దీనికి తలకిందులు. దూరపు మనిషిని చిన్నగా వేస్తారు, సరే. కానీ పాదాలు దగ్గరివాడి పాదాల పక్కనే పెడతారు. అప్పుడు అతను దూరంగా ఉన్న పెద్దమనిషిలా ఉండడు, దగ్గరున్న మరుగుజ్జులా ఉంటాడు. లేదా తలను గీతకు బాగా పైన పెడతారు, అతను నిచ్చెన ఎక్కినట్టుంటాడు.

ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ కైబోట్ 1877లో వేసిన వానరోజు ప్యారిస్ వీధి బొమ్మ ఎక్కడైనా చూడగలిగితే స్కేలు పెట్టి చూడండి. ముందు గొడుగుతో నడిచివస్తున్న జంట నిలువెత్తు మనుషుల్లా ఉంటారు. వెనక రోడ్డు దాటుతున్నవాళ్లు వేలెడంత. అయినా కళ్లు దాదాపు ఒకే అడ్డగీత దగ్గర ఉంటాయి. రెండు మీటర్లు దాటిన ఆ కాన్వాస్‌లో అంత లోతు కనబడటానికి సగం కారణం ఈ లెక్కే.

మీరున్న తీరును బట్టి లెక్క మారుతుంది:

స్టూలు మీద కూర్చుంటే మీ కళ్లు నేలకు దాదాపు 120 సెం.మీ. ఎత్తులో ఉంటాయి. గీత నిలబడ్డవాళ్ల ఛాతీ దగ్గర వస్తుంది, దూరంగా ఉన్నా దగ్గరున్నా ఛాతీ దగ్గరే. తలలు గీతకు పైన ఉంటాయి, దూరపువాళ్లవి తక్కువ పైన, దగ్గరివాళ్లవి ఎక్కువ పైన.

మేడ మీద నుంచి చూస్తే తలలన్నీ గీతకు కిందే. పిసారో బులెవార్డ్ బొమ్మల్లో జనం అందుకే కింద పరుచుకుని ఉంటారు. అక్కడ ఒక్క తల గీత దాటినా అది రాక్షసుడి తల అవుతుంది.

రోడ్డు ఎగువకు పోతుంటే తలలు క్రమంగా గీత పైకి ఎక్కుతాయి, దిగువకు పోతుంటే దిగుతాయి. ఇళ్ల కిటికీ గట్లు, అంతస్తుల గీతలు మాత్రం ఎప్పటిలాగే కంటి మట్టం వైపే పోతాయి. రోడ్డు అంచులు ఒక్కటే వేరే చోట కలుస్తాయి: ఎగువ రోడ్డువి గీతకు పైన, దిగువ రోడ్డువి కింద. వాలు వీధులు తేలిపోవడానికి కారణం ఈ రెండింటినీ ఒకే చుక్కకు లాగడం.

ఈ గీత కొలబద్దగా కూడా పనికొస్తుంది. నిలబడి వేస్తున్నప్పుడు కంటి మట్టం 1.5 మీటర్లు అనుకోండి. ఒక గోడ పాదం నుంచి గీత వరకు కాగితం మీద 2 సెం.మీ. ఉంటే, ఆ గోడకున్న 3 మీటర్ల గేటు 4 సెం.మీ. రావాలి. కారు ఎత్తు కూడా ఇంచుమించు మీటరున్నరే కాబట్టి దాని పైకప్పు గీత దగ్గరే ఆగాలి. కారు మేడ గుమ్మాన్ని దాటి పోతోందంటే ఈ లెక్క తప్పిందన్నమాట.

3. అగ్గిపెట్టెంత స్కెచ్, మూడు టోన్లు

పెద్ద కాగితం ముట్టుకోకముందే 5 × 7 సెం.మీ. డబ్బా గీసి, పెన్సిల్‌తో మూడే టోన్లలో వీధిని నింపండి: కాగితం తెలుపు, మధ్యస్థం, ముదురు. కళ్లు సగం మూసి చూస్తే కిటికీలు, బోర్డులు మాయమై పెద్ద పెద్ద ముద్దలు మిగులుతాయి. ఆ ముద్దలనే వేయండి. ఐదు నిమిషాలకు మించి పట్టకూడదు.

మనుషుల చోటు కూడా ఇక్కడే తేల్చాలి. ముదురు నీడ గోడ ముందు ఎండలో ఉన్న తెల్ల చొక్కా మనిషి, ఎండ రోడ్డు ముందు ముదురు బట్టల మనిషి. వెలుగు మీద చీకటి, చీకటి మీద వెలుగు. ఇలా పెడితే ఆ మనిషికి ఔట్‌లైన్ అక్కర్లేదు. మధ్యస్థం గోడ ముందు మధ్యస్థం చొక్కా పెట్టి, కనబడటం లేదని చుట్టూ నల్ల గీత గీస్తే స్టిక్కర్ అక్కడే పుడుతుంది.

మనుషుల్ని సమదూరంలో కరెంటు స్తంభాల్లా నిలబెట్టకండి. ముగ్గురు ఒక గుంపు, కొంచెం ఎడంగా ఒకరు, దూరంగా ఒకరి మీద ఒకరు పడ్డ ముద్ద. గుంపులోవాళ్లు ఒకరినొకరు కొంత కప్పేయాలి.

ఎదురుగా ఉన్నదాన్ని ఇలా జరపొచ్చా అని అనుమానమొస్తే, వెనిస్ కాలువల్నీ వీధుల్నీ రాయి రాయి లెక్కపెట్టి వేసినట్టు కనిపించే కనాలెట్టో కూడా భవనాల్ని తనకు నచ్చినట్టు జరిపాడని తెలుసుకోండి. ఆయన మేనల్లుడు బెలోట్టో పోలండ్‌లోని వార్సా నగరాన్ని ఎంత నిక్కచ్చిగా వేశాడంటే, రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఆ ఊరిని తిరిగి కట్టేటప్పుడు ఆ బొమ్మల్నీ ఆధారంగా చూసుకున్నారు. ఆయన కూడా అక్కడక్కడా మెరుగులు దిద్దినవాడే. మీరొక స్తంభం తీసేస్తే పాపం అంటదు.

4. పెన్సిల్ డ్రాయింగ్

ముందు కంటి మట్టం. తర్వాత రోడ్డు అంచులు, ఇళ్ల పైఅంచులు. గీతకు పైనున్న అంచులు దూరం పోయేకొద్దీ కిందికి దిగుతాయి, కిందున్నవి పైకి ఎక్కుతాయి. పర్‌స్పెక్టివ్ గురించి ఈ పనికి ఇంతకంటే తెలియక్కర్లేదు. ఒక అంచు వాలు అర్థం కాకపోతే ఒక కన్ను మూసి, చెయ్యి బారుగా చాపి, పెన్సిల్‌ను ఆ అంచుకు ఆనించినట్టు పట్టుకుని, అదే వాలును కాగితం మీదికి తెండి.

ఇళ్ల పెట్టెలు గీశారు కదా, ఇప్పుడే మనుషుల్ని గీయండి. కిటికీలు ఇంకా వద్దు. ముందు మనుషులు. తల ఒక చిన్న చుక్క, గీత మీద. దాని కింద ముల్లంగిలా కిందికి సన్నబడే ఒంటి ఆకారం. కాళ్లలో ఒకటి కొంచెం పొట్టిగా వేస్తే నడుస్తున్నట్టుంటుంది, రెండూ సమంగా వేస్తే నిలబడ్డట్టు. పాదాలు గీయకండి.

తల సైజు దగ్గరే అందరూ జారుతారు. నిలువెత్తు మనిషిలో తల ఏడో ఎనిమిదో వంతు. 4 సెం.మీ. మనిషికి తల అర సెం.మీ. మాత్రమే. మనకు ముఖాల మీద ధ్యాస ఎక్కువ కాబట్టి చెయ్యి పెద్దదిగా గీస్తుంది. పెద్ద తల వేస్తే పెద్దవాళ్లంతా పిల్లలవుతారు. నా మొదటి ఏడాది బొమ్మలు తీసి చూస్తే ప్రతి వీధిలోనూ బడి వదిలినట్టే ఉంటుంది.

చిత్తు కాగితం మీద ఇలాంటి మనుషుల్ని ముప్పై మందిని వేసి చూసుకున్నాకే అసలు కాగితానికి రండి. పావుగంట పని.

నీడలు ఎటు పడుతున్నాయో డ్రాయింగ్ దశలోనే గీసేసుకోండి, ఇక మార్చకండి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటల తర్వాత కనబడుతున్న నీడను వేశారంటే ఒకే వీధిలో ఇద్దరు సూర్యుళ్లు ఉన్నట్టవుతుంది.

5. మొదటి వాష్

వాష్ అంటే నీళ్లు ఎక్కువ కలిపి పరిచే పలచటి రంగు పూత. పెద్ద బ్రష్, బాగా నీళ్లు. ఆకాశానికి పలచటి కోబాల్ట్, ఎండ గోడలకు ఆకర్‌లో చిటికెడు ఎరుపు, రోడ్డుకు పలచటి వెచ్చటి బూడిద. ఇల్లు ఇల్లుకు ఆగకండి, ఒకదానిలోకి ఒకటి పారనివ్వండి. మనుషుల మీదుగా కూడా వాష్ పోనివ్వండి. ఎండ తగిలే తలలు, భుజాలు, కారు పైకప్పులు, వీటిని మాత్రం తెల్ల కాగితంగా వదిలేయండి. తర్వాత వీధి అంతా మెరిసేది ఈ వదిలేసిన తెలుపుతోనే.

పూర్తిగా ఆరనివ్వండి. వేలి వెనక్కుతో తాకి చూస్తే చల్లగా అనిపించకూడదు. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉందని.

అక్రిలిక్, ఆయిల్ వాడేవాళ్లు ఈ తెలుపు వదలక్కర్లేదు. ముదురు నుంచి మొదలుపెట్టి వెలుగుల్ని చివర్లో పైన వేసుకోవచ్చు.

6. నీడ ఒకే దెబ్బలో

అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా కలిపి ఎక్కువ మోతాదులో రంగు సిద్ధం చేసుకోండి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే షేడ్ రాదు. నీడ పక్క ఇళ్ల పైనుంచి మొదలుపెట్టి, గోడలు దిగి, రోడ్డు మీదికి వచ్చి, అవతలి పక్కకు పాకేదాకా ఆపకుండా లాగండి. గోడ నీడ వేరు, రోడ్డు నీడ వేరు అని విడగొట్టొద్దు. నీడ గోడకు నేలకు ఉన్న అతుకు. దారిలో నీడలో నిలబడ్డ మనుషులుంటే వాళ్ల మీదుగానే పోవాలి. వాళ్లు నీడలో కలిసిపోతేనే ఆ చోటికి చెందినవాళ్లు అవుతారు.

వీధి చివర్లో ఉన్న నీడలకు నీళ్లు ఎక్కువ, నీలం ఎక్కువ. దగ్గరికొచ్చేకొద్దీ సియెన్నా పెంచండి. వేసిన చోటికి తిరిగి వెళ్లి దిద్దకండి. సగం ఆరిన వాష్‌ను కెలికితే బురద మిగులుతుంది. నచ్చకపోతే ఆరాక ఇంకో పొర వేసుకోవచ్చు.

7. మనుషులకు రంగు

6 నంబరు బ్రష్. తలకు సియెన్నా చుక్క. అది తడిగా ఉండగానే చిన్న ఎడం వదిలి చొక్కా. చొక్కా తడిలోంచి కాళ్లు. కాళ్ల చివర్ల నుంచి బ్రష్ ఎత్తకుండా నేల మీద నీడ. తల, చొక్కా, కాళ్లు, నీడ అన్నీ ఒకే తడిలో పది సెకన్లలో అయిపోవాలి. రంగులు కొంచెం ఒకదాంట్లోకి ఒకటి దిగుతాయి, దిగనివ్వండి. ఎండ వైపు భుజం దగ్గర సన్నటి తెలుపు ఉండిపోతే ఇంకా మంచిది.

గాల్లో తేలే మనుషుల రోగానికి మందు ఈ చివరి నీడే. పాదాల దగ్గర మొదలై, మిగతా నీడలన్నీ ఎటు పడుతున్నాయో అటే పడాలి. ఒక్క మిల్లీమీటరు ఎడం వచ్చినా మనిషి లేచిపోతాడు. లౌరీ మనుషులకు నీడలుండవు కదా అని ఒకసారి నన్ను నిలదీశారు. నిజమే, ఉండవు. ఆయన బొమ్మలో ఎవరికీ, దేనికీ ఉండవు, అది వేరే లోకం. ఇళ్లకు నీడ వేసి మనుషులకు వేయకపోతే కుదరదు.

కళ్లు, ముక్కు, వేళ్లు, గుండీలు: వద్దు. 1874లో చిత్రకారుడు మోనే తన ప్యారిస్ బులెవార్డ్ బొమ్మను ఎగ్జిబిషన్‌లో పెట్టినప్పుడు కింద కనబడే జనాన్ని చూసి ఒక విమర్శకుడు ఇవేం నల్లటి నాకుడు గుర్తులని వెక్కిరించాడు. ఎత్తు నుంచి చూస్తే నడిచే జనం అలాగే ఉంటారు. మీ మనుషులు కూడా దగ్గర్నుంచి చూస్తే మరకల్లాగే ఉండాలి.

8. కిటికీలు, బోర్డులు, తీగలు

ఇక్కడ బ్రేక్ వేయండి. ముప్పై కిటికీలుంటే ఎనిమిది వేయండి, మిగతావి బ్రష్ తగిలీ తగలని మచ్చలు. అన్నీ ఒకే నలుపు కాకూడదు. పైభాగం ముదురుగా, కిందికి పలచగా వేస్తే అద్దంలా ఉంటుంది. ఎడ్వర్డ్ హాపర్ 1930లో వేసిన ఆదివారం ఉదయపు వీధిలో ఒక్క మనిషి కూడా లేడు. కానీ మేడ కిటికీల్లో తెరలు ఒక్కోటి ఒక్కో ఎత్తున దించి ఉంటాయి. లోపల ఎవరో ఉన్నారని అర్థమైపోతుంది. ఖాళీ వీధి వేయాలనుకునేవాళ్లు ఆ కిటికీలు గమనించాలి.

బోర్డుల మీద అక్షరాలు రాయకండి. చదవగలిగే అక్షరం కంట పడితే కన్ను అక్కడే ఆగిపోతుంది. నాలుగైదు రంగు మచ్చలు చాలు.

తీగలకు రిగ్గర్‌తో, మోచెయ్యి నుంచి కదిలిస్తూ, మధ్యమధ్య తెగిపోయే గీత. స్కేలు వాడితే బొమ్మను తాళ్లతో కట్టేసినట్టుంటుంది.

కారు, బస్సు కింద నీడ బొమ్మలోకెల్లా ముదురుగా ఉండాలి. అది లేకపోతే బండి రోడ్డు మీద ఆనదు. చివరగా తెల్ల గువాష్ చుక్కలు ఐదో ఆరో. పదో చుక్క దగ్గర చెయ్యి ఆగలేదంటే ట్యూబుకు మూత పెట్టేయండి.

వీధి తడిగా ఉంటే

నీడ, ప్రతిబింబం ఒకటి కావు. నీడ సూర్యుణ్ని బట్టి వాలుతుంది. ప్రతిబింబం ఎప్పుడూ వస్తువు పాదం నుంచి నిట్టనిలువుగా మీ వైపు దిగుతుంది. ఎర్ర చొక్కా మనిషి కింద ఎర్రటి మరక నిలువుగా రావాలి, పక్కకు కాదు. రోడ్డు వాష్ తడిగా ఉండగానే నిలువు గీతలతో లాగి, కొంచెం ఆరాక ఒకటి రెండు అడ్డగీతలు కొడితే నీటి పొర తెలుస్తుంది. ముదురు వస్తువు ప్రతిబింబం కొంచెం లేతగా, లేత వస్తువుది కొంచెం ముదురుగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున గట్టి నీడలుండవు కాబట్టి మనుషుల్ని నేలకు కట్టేసే పని ఈ ప్రతిబింబాలదే.

రాత్రి వీధి

దీపాల చుట్టూ ముందు పలచటి పసుపు, నారింజ వాష్. అది ఆరాక దాన్ని వదిలిపెట్టి చుట్టూ ముదురు నీలం. వెలుగు అంచు మెత్తగా రావాలంటే ఆ అంచును ముందే శుభ్రమైన నీళ్లతో తడపండి. పిసారో 14 బొమ్మల్లో రాత్రిపూటది ఒక్కటే. దీపాలు, తడి రోడ్డు, బండ్ల వరస, అన్నీ చెదిరిన చుక్కలే. కొత్తవాళ్లు రాత్రిని నల్లగా వేస్తారు, అది నీలం.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

బొమ్మను గోడకు ఆనించి మూడు మీటర్లు వెనక్కి రండి. అక్కడి నుంచి మనుషులు నడుస్తున్నట్టుంటే చాలు, దగ్గరికెళ్లి దిద్దకండి.

ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. మొత్తం ఒకే బూడిదగా కనబడితే మీ ముదురు సరిపోలేదు. ఎక్కువమంది బొమ్మల్లో లోపం ఇదే, రంగు కాదు. నీడ పక్క మీద ధైర్యంగా ఇంకో పొర వేయండి.

అద్దంలో చూడండి, లేదా తలకిందులు చేయండి. వాలిన గోడలు వెంటనే బయటపడతాయి.

ఒక స్కేలును కంటి మట్టం మీద పెట్టండి. ఏ తల వరసలోంచి పైకి పొడుచుకొచ్చిందో చూడండి. పిల్లల తలలు కిందే ఉంటాయి, అది తప్పు కాదు. పొడుచుకొచ్చిన తలను తడి బ్రష్‌తో రుద్ది, బట్టతో అద్ది తీసేయొచ్చు. మంచి పేపరైతే ఒకసారి ఓర్చుకుంటుంది, రెండోసారికి పొర లేస్తుంది.

బొటనవేలితో ఒక్కో మనిషినీ కప్పి చూడండి. కప్పినా వీధికేమీ లోటు లేదంటే ఆ మనిషి అక్కడ అనవసరంగా ఉన్నట్టే. తీసేయడం కన్నా పక్కన ఇంకొకర్ని పెట్టి గుంపు చేయడం తేలిక.

అయిపోయాక కాగితం వెనక పెన్సిల్‌తో మూడు సంగతులు రాసుకోండి: ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎక్కడ నిలబడ్డారు, నిలబడ్డారా కూర్చున్నారా. ఒక వీధిని మళ్లీ అదే వెలుతురులో వేద్దామని నేను వరసగా నాలుగు రోజులు వెళ్లాను. నీడలు కలవలేదు, తలలూ కలవలేదు. ఐదో రోజు అరుగు మీద కూర్చుని చూస్తే కలిశాయి. మొదటిసారి కూర్చుని వేశానన్న సంగతే మర్చిపోయాను.